అందరితో అందరూ ఆడాలి

రావులపాలెం అనగానే అరటి గెలలు గుర్తొస్తాయి. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న ఊరు అది. కోనసీమకు వాకిలి లాంటిది. అక్కడ పెద్ద అరటి మార్కెట్టు ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, లంకల నుంచి గెలలు అక్కడికి వస్తాయి. అక్కడి నుంచి లారీల్లో దూరాలకు పోతాయి.

ఆ రావులపాలేనికి దగ్గర్లో ఒక ఊరు ఉందనుకుందాం. ఆ ఊళ్లో ఆరు పేటలు. పేటకొక మహిళా సంఘం. మార్చి 8న మహిళా దినోత్సవం వస్తుంది. ఆ పండక్కి ముందు ఆడవాళ్లు కబడ్డీ ఆడాలనుకున్నారు. పాతవాళ్లు చెడుగుడు అంటారు, అదే ఆట.

“చెడుగుడు ఆడవాళ్ల ఆటేంటి?” అని కొందరు నవ్వారు. నవ్వేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఆసియా క్రీడల్లో ఆడవాళ్ల కబడ్డీ 2010లో మొదలైంది. అవి చైనాలో జరిగాయి. ఆ ఏడు బంగారు పతకం మన దేశం ఆడవాళ్లే తెచ్చారు.

గోడ మీద కాగితం

ఆ ఊళ్లో అంతకు ముందు ఏడాది కూడా పోటీలు పెట్టారు. అప్పుడు ఊరి కుర్రాళ్లే అన్నీ చూశారు. ఏ జట్టు ఎవరితో ఆడాలో, ఎప్పుడు ఆడాలో కాగితం మీద రాశారు. పంచాయతీ గోడకు అంటించారు.

కాలువగట్టు జట్టులో అప్పటికి చదువు వచ్చినవాళ్లు లేరు. దారిన పోయే ఒకాయనను అడిగారు. ఆయన గబగబా చూసి, “ఆదివారం నాలుగింటికి” అన్నాడు. వాళ్లు ఆదివారం వెళ్లారు. బరిలో ఎవరూ లేరు. ఆట శనివారమే అయిపోయింది.

“మీరు రాలేదు కదండీ. రాకపోతే ఓడినట్టే” అన్నారు కుర్రాళ్లు.

నెల రోజులు సాధన చేసిన జట్టు అది. పొద్దున్నే గెలలు మోసి, సాయంత్రం వంట ముగించుకుని వచ్చి ఆడినవాళ్లు. ఒక్క కూతకైనా వెళ్లకుండా ఓడిపోయారు.

ఆ జట్టులో ఒకామె ఉంది. ఊళ్లో అందరూ పెద్దక్క అంటారు. పెద్దక్క ఆ రాత్రి అన్నం తినలేదు. ఓడినందుకు కాదు, కాగితం ఎదురుగా ఉండి కూడా చదవలేకపోయినందుకు. ఆ తర్వాతే ఆమె రాత్రి బడికి వచ్చింది.

ఓడితే ఇంటికేనా?

ఈ ఏడు ఆరు సంఘాల వాళ్లూ ముందే కూర్చున్నారు. రాత్రి బడిలో చాప పరిచారు.

“ఈసారి మన కాగితం మనమే రాసుకుందాం” అంది పెద్దక్క.

“నిరుడు ఇంకో తప్పు కూడా జరిగింది అక్కా” అంది రామాలయం వీధి కోడలు ఒకామె. “ఆరు జట్లు మూడు ఆటలు ఆడాయి. మూడు జట్లు మిగిలాయి. ముగ్గురు ఒకేసారి ఆడలేరు కదా? చీటీ తీశారు. చీటీ వచ్చిన జట్టు ఆడకుండానే ఫైనల్‌కు వెళ్లిపోయింది.”

“మరి మా జట్టు ఒక్క పాయింటు తేడాతో ఓడింది. మేం ఆడింది అరగంట. అంతే, ఇంటికి పొమ్మన్నారు” అంది ఇంకొకామె.

ఓడిన జట్టు ఇంటికి వెళ్లిపోయే పద్ధతిని నాకౌట్ అంటారు. అందులో ఒక్కో ఆటకు ఒక్కో జట్టు పోతుంది. ఆరు జట్లలో ఒకటి మిగలాలంటే ఐదు జట్లు పోవాలి. కాబట్టి ఐదు ఆటలతో అయిపోతుంది. తొందరగా ముగుస్తుంది. అదొక్కటే దాని లాభం.

ఇంకో పద్ధతి ఉంది. అందులో ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతోనూ ఆడుతుంది. ఒక ఆట ఓడినా ఇంటికి పోనక్కర్లేదు. చివరికి ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే వాళ్లే గెలిచినట్టు. దీన్ని లీగ్ పద్ధతి అంటారు. ఇంగ్లీషు పేరు రౌండ్ రాబిన్.

మూడుసార్లు ఓడిన జట్టు

“ఓడినవాళ్లు కూడా చివరికి గెలవగలరా అమ్మా?” అని ఒక ముసలమ్మ అడిగింది.

ఇంటర్ చదివే ఒక అమ్మాయి అక్కడే ఉంది. “గెలిచారు కదా మామ్మా, మన దేశం జట్టే!” అంది. ఆ కథ ఇదీ.

2025లో ఆడవాళ్ల క్రికెట్ ప్రపంచ కప్పు జరిగింది. ఎనిమిది దేశాల జట్లు వచ్చాయి. ప్రతి జట్టూ మిగతా ఏడు జట్లతో ఆడింది. మొత్తం 28 లీగ్ ఆటలు. వాటిలో ఐదు ఆటలు మన విశాఖపట్నంలోనే జరిగాయి.

విశాఖలో మన జట్టు రెండు ఆటలు ఆడింది. అక్టోబరు 9న దక్షిణాఫ్రికా చేతిలో ఓడింది. అక్టోబరు 12న ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. తర్వాత ఇండోర్‌లో ఇంగ్లండు చేతిలోనూ ఓడింది. వరసగా మూడు ఓటములు.

నాకౌట్ అయితే మొదటి ఓటమితోనే కథ ముగిసేది. కానీ అది లీగ్ పద్ధతి. మన వాళ్లు అంతకు ముందే శ్రీలంకను, పాకిస్తాన్‌ను గెలిచి ఉన్నారు. తర్వాత న్యూజిలాండ్‌ను గెలిచారు. బంగ్లాదేశ్‌తో ఆట వాన వల్ల పూర్తి కాలేదు. దానికి ఒక పాయింటు ఇచ్చారు. గెలుపుకు రెండు పాయింట్ల లెక్కన మూడు గెలుపులకు ఆరు. వాన ఆటకు ఒకటి. మొత్తం ఏడు పాయింట్లు. ఎనిమిది జట్లలో నాలుగో స్థానం. మొదటి నాలుగు జట్లకు సెమీ ఫైనల్ ఆడే అవకాశం ఉంది.

సెమీ ఫైనల్లో మన జట్టు ఆస్ట్రేలియాను ఓడించింది. నవంబరు 2న ఫైనల్లో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించింది. విశాఖలో మనల్ని ఓడించిన జట్లు ఈ రెండే. ప్రపంచ కప్పు మన ఆడవాళ్లు గెలవడం అదే మొదటిసారి. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులో బౌలరు.

“అయితే మనమూ అలాగే ఆడదాం” అంది ముసలమ్మ. అందరూ సరే అన్నారు.

మొత్తం ఎన్ని ఆటలు?

ముందుగా ఎన్ని ఆటలు ఆడాలో తెలియాలి. అప్పుడే ఎన్ని రోజులు కావాలో తెలుస్తుంది.

ఆరు ఇళ్లు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఒక్కో ఇంటివాళ్లు మిగతా ఐదు ఇళ్లకూ కూర గిన్నె పంపారు. ఆరు ఇళ్లు, ఇంటికి ఐదు గిన్నెలు. మొత్తం 30 గిన్నెలు.

ఆట అలా కాదు. నేను మీతో ఆడితే మీరూ నాతో ఆడినట్టే. రెండు గిన్నెలకు ఒక్క ఆట. కాబట్టి 30లో సగం. అంటే 15 ఆటలు.

ఈ లెక్క ఎన్ని జట్లకైనా పనికొస్తుంది. జట్ల సంఖ్య రాయండి. దాన్ని ఒకటి తక్కువ సంఖ్యతో గుణించండి. వచ్చినదాన్ని సగం చేయండి.

4 జట్లు: నాలుగు మూళ్లు 12. సగం 6 ఆటలు.
6 జట్లు: ఆరు అయిదులు 30. సగం 15 ఆటలు.
8 జట్లు: ఎనిమిది ఏళ్లు 56. సగం 28 ఆటలు.

ప్రపంచ కప్పులో 28 లీగ్ ఆటలు ఎలా వచ్చాయో ఇప్పుడు తెలిసింది కదా!

జట్లకు పేర్లు

“పేటల పేర్లు పెట్టొద్దు” అంది పెద్దక్క. “పేట పేరు పెడితే పాత తగాదాలు బరిలోకి వస్తాయి.”

“అయితే అరటి పేర్లు పెడదాం. అవి అందరివీ” అంది ఇంకొకామె.

ఆరు చీటీల మీద ఆరు పేర్లు రాశారు. ఒక్కో జట్టు ఒక్కో చీటీ తీసింది. చీటీ మీద అంకె కూడా వేశారు.

1. చక్కెరకేళి
2. కర్పూర
3. అమృతపాణి
4. బొంత
5. బుషావళి
6. పచ్చ అరటి

కాలువగట్టు జట్టుకు బొంత వచ్చింది. అందరూ నవ్వారు. “నవ్వండి నవ్వండి. కూరకు మా బొంతే కావాలి” అంది పెద్దక్క.

ఒకటి కదలదు, ఐదు తిరుగుతాయి

ఇప్పుడు ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో రాయాలి. తోచినట్టు రాస్తే ఒక జట్టు ఒకే రోజు రెండుసార్లు వస్తుంది. ఇంకో జంట రెండుసార్లు ఆడేస్తుంది. ఏదో ఒక జంట మిగిలిపోతుంది. వాళ్లు మొదట అలాగే రాసి మూడు కాగితాలు చింపేశారు.

దీనికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఆరు చీటీలను రెండు వరసల్లో పెట్టండి.

1   2   3
6   5   4

పైనున్న చీటీ కిందనున్న చీటీతో ఆడుతుంది. 1తో 6. 2తో 5. 3తో 4. ఇది మొదటి రోజు.

రెండో రోజుకు చీటీలు జరపాలి. 1ని మాత్రం కదపకూడదు. మిగతా ఐదింటినీ ఒక్కో గడి జరపాలి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. కింద ఎడమ చివర ఉన్న 6 పైకి వెళ్లి 1 పక్కన కూర్చుంటుంది. 2, 3 గడి జరుగుతాయి. 3 కిందికి దిగుతుంది. 4, 5 ఎడమకు జరుగుతాయి.

1   6   2
5   4   3

1తో 5. 6తో 4. 2తో 3. ఇది రెండో రోజు.

మళ్లీ అలాగే జరపండి.

మూడో రోజు:
1   5   6
4   3   2

నాలుగో రోజు:
1   4   5
3   2   6

ఐదో రోజు:
1   3   4
2   6   5

ఇంకోసారి జరిపితే మొదటి రోజుదే మళ్లీ వస్తుంది. అంటే ఆటలు పూర్తయినట్టు. ఐదు రోజులు, రోజుకు మూడు ఆటలు. మొత్తం 15. మన లెక్క సరిపోయింది.

తిరగలి చూశారు కదా. మధ్య మేకు కదలదు. పైరాయి తిరుగుతుంది. ఇదీ అలాంటిదే. ఒకటి నిలబడితేనే మిగతావి క్రమంగా తిరుగుతాయి.

చీటీలతో అర్థం కాకపోతే మనుషులతో చేసి చూడండి. ముగ్గురు ఒక వరసలో, ముగ్గురు ఎదురు వరసలో కూర్చోండి. ఒకరు కదలకండి. మిగతా ఐదుగురు జరగండి. ఐదుసార్లలో అందరూ అందరి ఎదురుగా కూర్చుంటారు.

ఎండ ఎవరికి?

ఆడవాళ్ల కబడ్డీ ఆట 15 నిమిషాలు. మధ్యలో 5 నిమిషాలు విరామం. మళ్లీ 15 నిమిషాలు. మొత్తం 35 నిమిషాలు. తర్వాతి జట్లు బరిలోకి రావడానికి 10 నిమిషాలు. అంటే ముప్పావు గంటకు ఒక ఆట.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరాలి. కాబట్టి మొదటి ఆట 3-45కి, రెండోది 4-30కి, మూడోది 5-15కి అనుకున్నారు. మూడో ఆట 5-50కి అయిపోతుంది.

ఏ రోజుల్లో? గెలలు కోసే పని రోజూ ఒకేలా ఉండదు. అందరినీ అడిగారు. శని, ఆదివారాలు అందరికీ వీలయ్యాయి. మూడు వారాలు కావాలి.

కాగితం రాయడం అయింది. పెద్దక్క వేలు పెట్టి ఒక్కో పేరూ చదివింది. చదువుతూ ఆగింది.

“ఇదేంటి? చక్కెరకేళి ఐదు రోజులూ మొదటి ఆటే ఆడుతోంది. మూడు ముప్పావుకు ఎండ మాడిపోతుంది. ఐదు రోజులూ ఆ ఎండ వాళ్లకేనా?”

ఆమె చెప్పింది నిజమే. 1ని కదపలేదు కదా. అందుకని ప్రతి రోజూ దాని పేరే ముందు వచ్చింది. చీటీలు తిప్పితే ఎవరితో ఆడాలో తెలుస్తుంది. ఏ వేళకు ఆడాలో మనమే చూసుకోవాలి.

ఒక రోజులో మూడు ఆటలనూ ముందువెనకలు మార్చవచ్చు. జంటలు మారవు, వేళ మారుతుంది. అలా మార్చి మళ్లీ రాశారు.

మొదటి శనివారం
3-45 కర్పూర – బుషావళి
4-30 అమృతపాణి – బొంత
5-15 చక్కెరకేళి – పచ్చ అరటి

మొదటి ఆదివారం
3-45 పచ్చ అరటి – బొంత
4-30 చక్కెరకేళి – బుషావళి
5-15 కర్పూర – అమృతపాణి

రెండో శనివారం
3-45 చక్కెరకేళి – బొంత
4-30 కర్పూర – పచ్చ అరటి
5-15 అమృతపాణి – బుషావళి

రెండో ఆదివారం
3-45 చక్కెరకేళి – అమృతపాణి
4-30 బుషావళి – పచ్చ అరటి
5-15 కర్పూర – బొంత

మూడో శనివారం
3-45 అమృతపాణి – పచ్చ అరటి
4-30 చక్కెరకేళి – కర్పూర
5-15 బొంత – బుషావళి

ఇప్పుడు ఎండ ఆట ఏ జట్టుకూ రెండుసార్లకు మించి రాలేదు. మూడో ఆదివారం ఖాళీగా ఉంచారు. వాన వచ్చి ఏ ఆటైనా ఆగితే ఆ రోజు ఆడతారు.

పాయింట్ల పుస్తకం

గెలిస్తే 2 పాయింట్లు. సమమైతే చెరి 1. ఓడితే సున్న. ప్రతి సాయంత్రం ఆటలు కాగానే పుస్తకంలో రాయాలి. అందరి ముందూ చదవాలి.

లెక్క తప్పిందో లేదో తెలుసుకునే మార్గం ఉంది. ప్రతి ఆటలోనూ మొత్తం 2 పాయింట్లే పుడతాయి. రోజుకు మూడు ఆటలు. కాబట్టి రోజుకు 6 పాయింట్లు. ఐదు రోజులకు 30. ఆరు జట్ల పాయింట్లూ కలిపితే 30 రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు రాసినట్టు.

ఇద్దరికి సమానంగా పాయింట్లు వస్తే? ఆ ఇద్దరూ ఆడిన ఆటలో ఎవరు గెలిచారో చూడాలి. ఆ ఆట కూడా సమమైతే మళ్లీ ఒకసారి ఆడించాలి. ఈ మాట ఆటలు మొదలు కాకముందే రాసి పెట్టుకోవాలి. ఓడాక చెప్పే నియమం తగాదా తెస్తుంది.

జట్లు ఐదైతే? పన్నెండైతే?

ఒక జట్టు రాలేదనుకోండి. ఐదే మిగిలాయి. ఆరో చీటీ మీద “విశ్రాంతి” అని రాయండి. చీటీలు మామూలుగానే తిప్పండి. విశ్రాంతి చీటీ ఎదురుగా వచ్చిన జట్టుకు ఆ రోజు ఆట లేదు. రోజుకు రెండు ఆటలు. ఐదు రోజుల్లో 10 ఆటలు. ప్రతి జట్టుకూ ఒక్క రోజే విశ్రాంతి. ఎవరికీ చీటీలో ఫైనల్ రాదు.

మరి పన్నెండు జట్లు వస్తే? పన్నెండు పదకొండ్లు 132. సగం 66 ఆటలు. అన్ని రోజులు పని మానుకుని ఎవరు ఆడగలరు? అప్పుడు నాలుగేసి జట్లను మూడు గుంపులు చేయాలి. ఒక్కో గుంపులో 6 ఆటలు. మూడు గుంపులకు 18. తర్వాత ప్రతి గుంపులో మొదటి జట్టును తీసుకోండి. ఆ మూడు జట్లూ అందరితో అందరూ ఆడతాయి. మూడు రెళ్లు ఆరు, సగం మూడు ఆటలు. మొత్తం 21తో అయిపోతుంది.

మళ్లీ గోడ మీద కాగితం

కాగితం మళ్లీ పంచాయతీ గోడకు ఎక్కింది. ఈసారి అక్షరాలు పెద్దవి. రాసింది ఆడవాళ్లు.

శనివారం ఎవరూ తప్పు వేళకు రాలేదు. మూడు గంటలకే కొందరు వచ్చి గోడ దగ్గర నిలబడ్డారు. ఒకామె అప్పుడే అక్షరాలు నేర్చుకుంటోంది. “బొం... త. బొంత. నాలుగు... ముప్పై” అని కూడబలుక్కుంది. పక్కన పెద్దక్క ఉంది. అందించబోయి ఆగింది. ఆమెనే చదవనిచ్చింది.

బొంత జట్టు ఆ సాయంత్రం అమృతపాణితో ఆడింది. మూడు పాయింట్ల తేడాతో ఓడింది.

మోకాలికి దుమ్ము దులుపుకుంటూ పెద్దక్క బయటికి వచ్చింది. పెనిమిటి గట్టు మీద నిలబడి ఉన్నాడు.

“ఓడిపోయారుగా. అయిపోయినట్టేనా?” అన్నాడు.

“అయిపోవడమేంటండీ? గోడ మీద చూడలేదా? రేపు మూడు ముప్పావుకు పచ్చ అరటితో ఆట ఉంది. మీరు కాస్త ముందే రండి. పిల్లాణ్ణి పట్టుకోవాలి” అంది పెద్దక్క.

గుర్తుంచుకోండి

జట్ల సంఖ్యను ఒకటి తక్కువ సంఖ్యతో గుణించి సగం చేస్తే ఆటల సంఖ్య వస్తుంది.
ఒక చీటీని కదపకండి. మిగతావి ఒక్కో గడి తిప్పండి.
జట్లు బేసి అయితే “విశ్రాంతి” చీటీ కలపండి.
ఎండ వేళ అందరికీ పంచండి.
నియమాలు ముందే రాయండి. అందరికీ చదివి వినిపించండి.

చెప్పండి

1. కాలువగట్టు జట్టు నిరుడు ఆడకుండానే ఎందుకు ఓడింది?
2. నాకౌట్ పద్ధతికీ లీగ్ పద్ధతికీ తేడా ఏమిటి?
3. జట్లకు పేటల పేర్లు ఎందుకు పెట్టలేదు? మీరైతే ఏ పేర్లు పెడతారు?
4. రెండో ఆదివారం 4-30కి ఎవరెవరు ఆడతారు?

లెక్క కట్టండి

1. ఏడు జట్లు ఉంటే ఎన్ని ఆటలు? ఎన్ని రోజులు? రోజుకు ఎన్ని ఆటలు?
2. నాలుగు చీటీలు రాయండి. ఒకటి కదపకుండా తిప్పండి. మూడు రోజుల ఆటలు రాయండి.

చేయండి

మీ సంఘంలో వంతులవారీగా చేసే పని ఏదైనా ఉందా? వంట కావచ్చు, కుళాయి దగ్గర నీళ్లు కావచ్చు. ఎవరి వంతు ఎప్పుడో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. అంటించే ముందు ఒకసారి వేలు పెట్టి చదవండి. ఎండ అంతా ఒక్కరికే పడిందేమో చూడండి.